షామియానా ఎనకపక్క

నవంబరు 11, సోమవారం

పురుగుమందుల అంగడోడు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ మా టెంటు హౌసులో కుంటికుర్చీ కాలు కింద ఉండె. ఈ పొద్దు పీకి దులిపినా. ఏంటికంటే నాకు మాట్లాడేకి మనిషి లేడు. ఇంట్లో దౌలత్ బీ మూతి తిప్పుకొని కూచుండాది. మా టెంటు పనోడు మారెన్నకు చెప్తే పొద్దుగూకేలోపల ఆలూరంతా టముకేస్తాడు. గుంజలు పాతేదాంట్లో వాన్ని మించినోడు లేడు, నోరు మూసేదాంట్లో వానంత చేతగానోడు లేడు. నేను ఏడో తరగతిలోనే బడి ఇడిసినోన్ని. నా రాత నాకర్థమైతే సాలు.

యాష్టకొచ్చిందప్పా ఈయమ్మతో. పోయినేడు సుగరొచ్చింది, ఒళ్లు తగ్గించమని డాక్టరంటే, ఈ దౌలత్ బీనే నా కడుపు మింద దరువేసి "గౌస్ పీర్ డ్రమ్ము, పెండ్లిండ్లకు అద్దెకియ్యబడును" అని నవ్వె. ఇప్పుడు లుంగీ నిలబడనంత సన్నబడితి గదా. కట్టుకున్నది సంతోషపడాల గదా?

"ఎవతె పెట్టిందప్పా నీకు మందు?" అంటాది.

మందంట! ఏదో పెండ్లిలో ఎవతో నన్ను తన పక్క తిప్పుకునేకి అన్నంలో కలిపి పెట్టిందంట. అది కడుపులో గడ్డ కట్టి మనిషిని లోపల్నుంచి తినేస్తాందంట.

"నాకా? ఈ మొగానికా?" అంటి.

"మొగానికి గాదు. నీ షామియానా చూసి పెట్టింటాది."

నవ్వొచ్చింది. నవ్వితే ఒప్పుకున్నట్టు. నవ్వకుంటే దాచినట్టు. లుంగీ బిగించుకొని బయటికి పోతి.

నవంబరు 14, గురువారం

హాలహర్విలో పెండ్లి. పొద్దన్నే డేరా ఏసినాము. ఒక కుర్చీ ఈపుకు "దీంట్లో కూచున్నోళ్లు పాట పాడాల" అని చీటీ అంటించి పెట్టినా. పెండ్లికొడుకు మేనమామ, పెద్దమీసాలాయప్ప, పోయి పోయి దాంట్లోనే కూచుండె. జనం ఇడుస్తారా? పాడినాడు పాపం. పాట యాడ మొదలైందో యాడ ఒడిసిందో ఆయప్పకే తెలీదు. మైకు నేనే పట్టుకుంటి.

మధ్యాన్నం దాకా నేను టీ తప్ప ఏం ముట్టల్యా. అది నా కట్టుబాటు. ముట్టుకుంటే ఆగను.

ఆమైన కూచుంటి. నేను తినేకి కూచుంటే చూసేకొస్తారు జనం, దొమ్మరాట మాదిరి. మారెన్న బకెట్టు పట్టుకొని "అన్నా, ఇది నీకు, ఆ డేగిసా ఊరికి" అని అరుస్తాడు. పిల్లోళ్లు చప్పట్లు. పెండ్లికూతురు తండ్రి గూడా వచ్చి నిలబడె. తినేటోడు లేకుంటే పెండ్లికేం కళ ఉంటాది అనె.

తిన్నాక షామియానా ఎనకపక్కకు పోయొస్తి. తాళ్లు చూసేకి. గాలి శానా ఉండె.

నవంబరు 15

బాగుండా. చెంపలు మాత్రం బూరెల మాదిరి ఉబ్బినాయి. ఒళ్లు సన్నబడె, మొగం సన్నబడల్యా. అల్లా తమాషా.

నవంబరు 18, సోమవారం

డాక్టర్ల మాట రాస్తా. కడుపు మంటంటే గ్యాసు మాత్ర ఇచ్చిరి. గొంతు మంటంటే ఇంగొక గ్యాసు మాత్ర. కాళ్లు పట్టుకుపోతాండాయంటే, టెంటు పని గదా, బరువులు మోస్తావు గదా అనిరి. ఒగాయప్ప "తాగుతావా?" అని దౌలత్ బీ ముందరే అడిగె. నేను మందు వాసన గూడా పడనోన్ని. ఎవరూ ఇంగొక ప్రశ్న అడగల్యా. అడిగింటే చెప్దునా? చెప్పను. ఏంటికి చెప్పాల? నేనేం దొంగతనం చేస్తాండానా? సుగరు డాక్టరు తినొద్దనె, పెండ్లోళ్లు తినమనిరి. ఇద్దరి మాటా నిలబెట్టే ఉపాయం ఒగటి కనిపెట్టినా. తిన్నట్టూ ఉంటాది, తిననట్టూ ఉంటాది. ఇట్లాంటిది నా ఒక్కని బుర్రకే తడతాది.

నవంబరు 21, గురువారం

చిప్పగిరి దాటినాక ఒక పల్లెలో ఆకు తాత ఉండాడు. పెట్టిన మందు కక్కిస్తాడంట. దౌలత్ బీ ఆడికి తోలకపోయె. కక్కిస్తాడంట, నన్ను! ఈత నేర్పిస్తా రా అని చేపను పిల్చినట్టుండాది.

తాత చెంబుడు ఆకురసం ఇచ్చె. "ఇది లోపలికి పోయి మందును వెతికి పట్టుకునేకి శానాసేపు పడతాది. భయపడొద్దు" అనె. నేను తాగి చెంబు కింద పెట్టిన్నో లేదో, పనైపోయె. తాత బిత్తరపోయె. "నా తల మింద వెంట్రుకలు ఊరికే నెరవల్యా. ఇంత సులభంగా కక్కే మనిషిని చూడల్యా. అంటే మందు శానా ముదిరుండాది తల్లీ" అనె.

ఆమైన పుల్లతో కెలికి ఒకటి పైకెత్తి చూపించె. "ఇద్దో. ఇదే పెట్టింది."

అది మెరపకాయ తొడిమ. పొద్దన బస్టాండులో ఆమె కన్నుగప్పి, కట్టుబాటు తప్పి తిన్న బజ్జీది. నాకు తెలుసు. కానీ చెప్తే, ఇంట్లో ఏమీ తిననంటివి బజ్జీలెప్పుడు తింటివి, ఎన్ని తింటివి, నమలకుండా ఏంటికి మింగితివి అని లాగుతాది. లాగితే అంతా వచ్చేస్తాది.

దౌలత్ బీ ఆ తొడిమను చూసి ఏడ్చె. "ఎవతెదప్పా అది? పేరన్నా చెప్పు."

పెండ్లాం ముందర నిలబడి, లేని మనిషిని లేదనేకి గూడా నోరు రాలేదు నాకు.

నవంబరు 22

ఎమ్మిగనూరుకు పోయింది, వాళ్లక్క ఇంటికి. పేరు చెప్పేదాకా రానంట. ఉంచుకున్నదుంది అనుకుంటే అనుకోనీ. అదన్నా మగోడు చేసే తప్పు. ఇది చెప్తే ఏమనుకుంటాది?

నవంబరు 25

ఇల్లు శానా నిమ్మళంగా ఉండాది. ఒక్కన్నే. శానా తింటి. తాళ్లు చూసొస్తి.

ఇంట్లో తాళ్లు యాడివి.

డిసెంబరు 5, గురువారం

ముందర పన్ను సగం ఇరిగిపోయె. అన్నం తింటాంటే! రాయి గూడా తగల్యా. ఆదోనికి పోయి పండ్ల డాక్టరమ్మకు చూపిస్తి. కృపమణి అంట. చిన్నపిల్ల, పెండ్లై పోయిన మా బిడ్డ తబస్సుమ్ వయసుంటాది.

నేను పోతూనే "అమ్మా, పన్ను ఇరిగింది గానీ మాట ఇరగల్యా" అంటి. నవ్వె. నోరు తెరవమనె. చిన్న అద్దం లోపలికి పెట్టి చూసి, నవ్వు ఆపె.

"అంకుల్, మీకు వాంతులైతాయా?"

"లేదు."

"మీ పండ్లు బయటికి బాగుండాయి. లోపలి పక్క అరిగిపోయినాయి. పుల్లటి నీళ్లు ఎప్పుడూ తగులుతాంటేనే ఇట్లైతాయి. చెంపలు గూడా ఉబ్బుండాయి." నా కుడిచెయ్యి పట్టుకొని తిప్పి చూసె. ఏలి కణుపు మింద కాయ కాసుండాది. "వాంతి అవుతాదా, మీరే చేసుకుంటారా?"

ఇన్నేండ్లుగా ఊరందరి గుట్టూ నేను బయట పెడితి. నా పండ్లే నా మింద చాడీలు చెప్తాయని తెలీదు.

"గుంజలు పాతి పాతి కాసిన కాయమ్మా అది" అంటి.

ఆయమ్మ కోపం చేసుకోల్యా. చేసుకునింటే బాగుండు, నేనూ ఎగిరి పడుందును. నిమ్మళంగా చెప్పె. అది ఉపాయం గాదంట, జబ్బంట. దానికి పేరు గూడా ఉండాదంట. బులీమియా. "పన్ను నేను కడతా అంకుల్. మల్లా అదే పులుపు తగిల్తే అదీ నిలబడదు. అన్నిటికన్నా గుండెకు మోసం. మానసిక డాక్టర్ని కలవండి. ఆడికి పోయేకి మనసు రాకుంటే ముందు ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి" అని మందుల చీటీ ఎనక 14416 అని రాసిచ్చె.

మానసిక డాక్టరంటే తిక్క డాక్టరే గదా. నాకు తిక్కనా? ఊర్లో తిక్కోళ్లందరూ బాగుండారు, నన్ను పొమ్మంటాది.

బస్సులో వస్తా వస్తా ఒగటి తట్టె. దౌలత్ బీ పేరడిగింది గదా. దొరికె. బులీమియా బేగం.

డిసెంబరు 8, ఆదివారం

చీటీ మింద నంబరుకు ఊరికే ఫోన్ చేస్తి. కుశాలకే, నవ్వులాటకు. ఎవరెత్తుతారో చూద్దామని. ఆడమనిషి ఎత్తె.

"మా స్నేహితుడొకడుండాడమ్మా. మారెన్న అని. వానికి ఇట్లా ఇట్లా ఉండాది" అంటి.

ఆయమ్మ నవ్వుతాది, లేకుంటే పెట్టేస్తాది అనుకుంటి. "మారెన్న గారు పొద్దన ఏం తింటారు?" అని అడిగె.

"ఏం తినడు. తింటే ఆగడు."

"తినేటప్పుడు రుచి తెలుస్తాదా ఆయనకు?"

ఇదేం ప్రశ్న. ఎవరూ అడగల్యా ఇట్లా. "మొదట్లో తెలుస్తాది. ఆమైన తెలీదు."

"వాంతి చేసుకున్నాక ఎట్లుంటాది ఆయనకు?"

"తేలిగ్గా ఉంటాది. గోనెసంచి దించినట్టు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... కుక్క మాదిరి ఉంటాదమ్మా. వానికి."

ఎవరితోనన్నా చెప్పినాడా అనె. లేదంటి. నాకు చెప్పినాడు గదా, అని మల్లా నేనే అంటి. కర్నూలు పెద్దాసుపత్రిలో యాడికి పోవాలో, ఏమని అడగాలో చెప్పె. కడాకు, "మారెన్న గారు ఇప్పుడు మీ పక్కనే ఉండారా?" అనె.

"ఉండాడు."

"ఆయన తప్పు చేయలేదని చెప్పండి."

కుశాలకు చేసిన ఫోను. కుశాల యాడ పోయిందో.

డిసెంబరు 13, శుక్రవారం

డేరా ఏసేకి నిచ్చెన మిందుంటే రెండు కాళ్లూ పట్టుకునిపోయె. గుండె కాసేపు కొట్టుకొని కాసేపు మర్చిపోయినట్టాయె. పడితి. కింద పరుపుల కుప్ప లేకుంటే ఈ డైరీ కుర్చీ కిందికి పోయుండు.

నేను లేయకుంటే మారెన్న నవ్వతా నిలబడె. నటిస్తాండా అనుకున్నాడు. జనం గూడా చప్పట్లు కొట్టిరి. "మారెన్నా, నిజంగా" అంటే, "లేయన్నా, సాలు సాలు" అనె. నా మాట నాకే పనికి రాకపాయె.

డిసెంబరు 14

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో పొటాషియం అడుక్కు పోయిందంట. సెలైను పెట్టిరి. ఏం జరిగిందని డ్యూటీ డాక్టరడిగితే, గోడ పక్కకు తిరిగి చెప్పేస్తి. పండ్ల డాక్టరమ్మ చీటీ గూడా ఇస్తి. మారెన్న ఆడే నిలబడుండె. అంతా వినె.

బయటికొచ్చినాక "అన్నా, నేను బకెట్టు తేకుండా ఉండాల్సింది" అనె. వాడు ఏడుస్తాంటే చూడలేక తిడ్తి.

డిసెంబరు 17, మంగళవారం

కర్నూలు. మానసిక విభాగం అని బోర్డుంటే దాని ముందర నించోక, పక్క కంటి డాక్టరు బోర్డు కింద కూచుంటి, మనోళ్లెవరన్నా చూస్తారని. చూసె ఒగాయన. "ఏమప్పా గౌసూ, కండ్లు కనపడవా?" అనె. "నువ్వు కనపడుతాండావు గదా, అదే జబ్బు" అంటి.

పిలిచిరి. డాక్టర్ బాలస్వామి, నెత్తి మింద వెంట్రుకలు లేవు. నేను కుశాలు చేస్తి. నవ్వె. నవ్వినాక మల్లా అదే ప్రశ్న అడిగె. ఇంగొకటి చేస్తి. దానికీ నవ్వె, మల్లా అదే ప్రశ్న. యాష్టకొచ్చె. ఈ మనిషి తాళ్లు కొయ్యడు, గుంజ పీకడు, గమ్మున కూచుంటాడు. డేరా మొత్తం దానికదే కూలిపాయె.

"ఇది ఆడపిల్లల జబ్బంట గదా సార్, సన్నగుండాలనుకునే పిల్లోళ్లది" అంటి.

"మగోళ్లకూ వస్తాది గౌస్ పీర్. మగోళ్లు చెప్పరు, అంతే. నువ్వు గానుగ చూసినావా?"

"మా నాయన కాలంలో చూసినా."

"పొద్దంతా కడుపు మాడ్చేది, మాడ్చినందుకు ఒకేసారి తినేది, తిన్నందుకు భయపడి కక్కేది, కక్కినందుకు సిగ్గుపడి మల్లా మాడ్చేది. ఎద్దు నువ్వే, గానుగ నువ్వే. యాడ ఆపుతావు దీన్ని?"

"కక్కేకాడ."

"కాదు. పొద్దన కాడ. పొద్దన తిను. మూడు పూటలా ఏళకు తిను, కొద్దికొద్దిగా. సుగరుకూ అదే మంచిది, ఆ డాక్టరుతో నేను మాట్లాడతా."

మాత్ర ఒగటి రాసె. వారానికొకసారి వచ్చి మాట్లాడాలంట. మాటలతో జబ్బు పోతాదా అంటే, మాటలతోనే గదా ఇన్నాళ్లు దాచినావు అనె. ఆమైన అసలు మాట చెప్పె: వచ్చేసారి ఇంట్లో మనిషిని తోలుకొని రా.

మాత్రలు ఎన్నన్నా మింగుతా. ఇది యాడ మింగేది?

డిసెంబరు 22, ఆదివారం

ఎమ్మిగనూరు పోతి. వదిన టీ ఇచ్చి లోపలికి పాయె. దౌలత్ బీ గడప కాడ నిలబడె.

"పేరు చెప్పేకి వచ్చినావా?"

"వచ్చినా."

"చెప్పు."

"బులీమియా."

నోట్లో తిప్పుకొని చూసె. "ఇట్లాంటి పేరు యాడా విన్ల్యా. యా ఊరు?"

ఆహా. ఇంగొక గంట నడిపిందును దీన్ని. ఊరు చెప్పి, చీర రంగు చెప్పి, నడక చూపించి. కానీ ఆమె కండ్ల కింద నల్లగైపోయుండాది.

"మనిషి గాదు దౌలతూ. జబ్బు."

చెప్తి. షామియానా ఎనకపక్క ఏం చేస్తాంటినో, ఇంట్లో కొళాయి తిప్పి ఏం చేస్తాంటినో, ఆ మెరపకాయ తొడిమ సంగతి, అంతా.

"నేను వండింది గూడానా?"

"లేదు" అంటి. ఎంత బిరీన వచ్చిందో ఆ మాట.

ఆమె నన్నే చూస్తాండె. మాంసం అంగట్లో తక్కెడ చూసినట్టు.

"అదీనూ" అంటి.

"బక్రీదుకు దాల్చా చేస్తి. పొద్దన్నుంచి పొయ్యి కాడే ఉంటి. నువ్వు గిన్నె నాకి, దౌలతూ నీ చేతికి బంగారు గాజులన్నావు. అదీనా?"

"అదీనూ."

పైట నోటికి పెట్టుకునె. ఏడుస్తాదనుకుంటి. "దీని కంటే ఎవతెనన్నా ఉంచుకొనింటే బాగుండు గదప్పా. పోయి జుట్టన్నా పట్టుకుందును. దీన్ని యాడ పట్టుకునేది?" అనె.

లోపలికి పాయె. టీ చల్లారిపాయె. ఇంగ రాదులే అని లేస్తాంటే సంచి తీసుకొని వచ్చె.

"డాక్టరు ఎప్పుడు రమ్మన్యాడు?"

డిసెంబరు 24

"నా వంటలో తప్పేముండాది సార్?" ఇదే ఆమె అడిగింది డాక్టర్ని. మొదటి మాట.

"నీ వంటలో తప్పు లేదమ్మా. తిన్నాక ఒక గంట ఆయన ఒంటరిగా ఉండకుండా చూడు. కాపలా గాదు, తోడు."

దావంతా ఆమె బస్సు కిటికీ పక్కకు తిరిగి కూచుండె. కాపలాకూ తోడుకూ తేడా ఆలోచిస్తాండాదేమో.

జనవరి 6, సోమవారం

బారాకట్ట ఆడతాండాము. మూడు పూటలా తినేది, గవ్వలేసేది. నేను దొంగాట ఆడతా, ఆమె పట్టుకుంటాది. పొద్దన ఉగ్గాని తినేకి ఇంత కష్టమైతాదని ఎవరన్నా చెప్పినారా? నాలుగు బొరుగులు కడుపులో పడితే కొండ పడినట్టుంటాది. లేయాలనిపిస్తాది. కాళ్లు వాటికవే కొళాయి పక్క తిరుగుతాయి. "నీ పందెం" అంటాది దౌలత్ బీ. మల్లా గవ్వలు.

ఇరవై మంది మోసే డేరా ఎత్తినోన్ని. గంటసేపు కూచునేకి చెమటలు కారతాండాయి.

జనవరి 19, ఆదివారం

తాళ్లు చూసేకి పోతి.

కాదు. కక్కినా. మధ్యాన్నం ఆమె అంగడికి పోతే బిస్కెట్ల డబ్బా మొత్తం తిని కక్కినా. కక్కినా అని రాస్తాండా. ఎవని కోసం దాస్తాండా ఈడ గూడా.

ఆమె వచ్చినాక చెప్తి. గవ్వలు ఇసిరి కొట్టె. ఆమైన మంచం కింద దూరి నేనే ఏరుకొస్తి.

జనవరి 21

జారితే మొదటికొచ్చినట్టు గాదంట. తర్వాతి పూట మానకుండా తింటివా అని అడిగె డాక్టరు. తింటి అంటి. అదే పని అనె. ఈయప్పకు ఏం చెప్పినా సంతోషమే, నాకే యాష్ట.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పెండ్లి. ఈ ఏడు మొదటి డేరా. దౌలత్ బీ గూడా వచ్చె. పొద్దన ఇంట్లో తినొస్తి. మధ్యాన్నం పంక్తిలో కూచుంటే చుట్టూ చేరిరి, చూసేకి. మారెన్న బకెట్టు తేల్యా. గరిటె తెచ్చె. "అన్న డ్యూటీ మారిందప్పా, పోండి పోండి" అని తోలె. "ఏమప్పా గౌసూ, ముసలోడైతివే" అని ఒగడు. ఒక ఇస్తరాకు తింటి. రుచి కడాదాకా తెలిసె. చారులో ఉప్పు ఎక్కువైంది. ఇన్నేండ్లుగా పెండ్లి చారులో ఉప్పుంటాదని గూడా నాకు తెలీదు.

ఎనకపక్కకు పోల్యా. తాళ్లు మారెన్న చూసె. నిజం తాళ్లు.

మార్చి 2, ఆదివారం

ఈ పొద్దు నుంచి రంజాను రోజా. ఆమెకు. డాక్టరు ఈ ఏడు నాకు ఉపాసం వద్దనె. జబ్బు మనిషికి మాఫీ ఉండాదని మసీదులో హజ్రత్ గూడా చెప్పె.

నమాజు కాడ అడిగిరి, "ఏమప్పా, నువ్వు రోజా లేవంట?" అని. నాలుక మింద మంచి కుశాల ఉండె. మింగేస్తి.

"తిండి జబ్బుండాది. తినేది, కక్కేది. కర్నూల్లో చూపించుకుంటాండా" అంటి.

తర్వాత నవ్వే మాట వస్తాదని నోరు తెరుచుకొని చూస్తాండిరి. రాలేదు. తెరిచిన నోర్లు ఎట్ల మూసుకోవాలో తెలీకపాయె వాళ్లకు. నా బతుకులో ఇంత గట్టిగా ఎవరినీ ఆడుకోల్యా.

మధ్యాన్నం సంగటి, పప్పు చేసె దౌలత్ బీ. తెల్లారకముందు నుంచి ఆమె గొంతులో నీటి చుక్క పడల్యా. వడ్డించి ఎదురుగా కూచుండె. ముద్ద చేసి మల్లా తట్టలో పెడితి.

"నువ్వు ఎండిపోయి కూచుంటే నేనెట్ల తినేది?"

"నేను చేసింది కడుపులో నిలబడితే సాలు. తిను."

తింటి. రోజాలో గవ్వలు వద్దని, చింతకాయల బుట్ట ముందరేసె. ఇద్దరం గింజలు తీస్తా కూచుంటిమి. చింతపండు, ఉపాసమున్న మనిషి ముందర! "నోట్లో నీళ్లూరుతాండాయా?" అంటి. "గమ్మునుండు, సచ్చినోడా" అనె. గొంతు మింగేది కనపడె. నవ్వితి. ఆమె గూడా నవ్వె, ఎమ్మిగనూరు నుంచి వచ్చినాక మొదటిసారి.

"గంటైందా?"

"ఇంగా కాల్యా."

సగం బుట్ట అయిపోయె. "ఇప్పుడు?"

"కాల్యా."

లేచి చూస్తి. గడియారం మొగం గోడకు తిప్పి పెట్టుండాది. నాతోనే, గౌస్ పీర్ తోనే!

గంట ఎప్పుడో అయిపోయింటాది. గడియారాన్ని అట్లే ఉండనిచ్చి, వచ్చి కూచుంటి. ఇంగా సగం బుట్ట ఉండె.